రెండు 3 ఆంప్స్ డయోడ్‌లు కలిపితే 6 ఆంప్స్ అవుతుందా? సోలార్ బాక్స్ కరిగాక నేను నేర్చుకున్న లెక్క

ఎప్పుడూ ఫోన్లు, పవర్ బ్యాంకులు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి పది రూపాయల లోపు దొరికే ఒక చిన్న పార్ట్ గురించి రాస్తున్నాను. దానికి స్క్రీన్ లేదు, యాప్ లేదు, అప్‌డేట్ రాదు. కానీ మీ ఫోన్ చార్జర్ నుంచి ఇంటి మీద సోలార్ ప్యానెల్ వరకు అన్నింట్లోనూ ఉంటుంది. అదే డయోడ్. కరెంట్‌ని ఒకవైపే వెళ్ళనిచ్చి, వెనక్కి రాకుండా ఆపడం దాని పని.

డయోడ్‌ల గురించి చాలామంది అడిగే ప్రశ్న ఇది: "నాకు 6 ఆంప్స్ కావాలి. నా దగ్గర 3 ఆంప్స్ డయోడ్‌లే ఉన్నాయి. రెండు పక్కపక్కన కలిపి సోల్డర్ చేస్తే సరిపోతుందా?" లెక్క చూస్తే సరిపోవాలి, 3 ప్లస్ 3 ఆరే కదా. నేనూ అలాగే అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో, సరైన పద్ధతి ఏంటో ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం.

ముందు నేను చేసిన తప్పు

మా ఊళ్ళో పశువుల పాకకి కరెంట్ లైన్ లేదు. పోయిన వేసవికి ముందు అక్కడ ఒక 100 వాట్ల సోలార్ ప్యానెల్, ఒక 12 వోల్ట్ బ్యాటరీ, రెండు ఎల్‌ఈడీ లైట్లు పెట్టాను. ఓవర్ చార్జ్ కాకుండా కట్ చేయడానికి నా దగ్గర ఉన్న ఒక రిలే బోర్డు వాడాను. ఆ బోర్డుతో ఒక చిక్కు ఉంది. రాత్రిపూట ప్యానెల్‌లో కరెంట్ పుట్టదు కాబట్టి బ్యాటరీలోని చార్జ్ వెనక్కి ప్యానెల్‌లోకి కారుతుంది. దాన్ని ఆపే ఏర్పాటు ఆ బోర్డులో లేదు. అందుకని ప్యానెల్‌కి, బ్యాటరీకి మధ్య ఒక డయోడ్ పెట్టాలి.

మంచి ఎండలో ఆ ప్యానెల్ సుమారు 5.5 ఆంప్స్ ఇస్తుంది. నా డబ్బాలో 1ఎన్5408 డయోడ్‌లు రెండు ఉన్నాయి. ఒక్కోటి 3 ఆంప్స్, 1000 వోల్ట్స్ రేటింగ్. ఒకటి కొత్తది, ఇంకోటి పాత ఇన్వర్టర్ బోర్డు నుంచి పీకింది. రెండూ ప్యారలల్‌గా, అంటే గీత ఉన్న కాళ్ళు రెండూ ఒకవైపు, గీత లేని కాళ్ళు రెండూ ఇంకోవైపు కలిపి సోల్డర్ చేసి, చిన్న ప్లాస్టిక్ బాక్సులో మూసి, రేకు కప్పు కింద బిగించాను. 6 ఆంప్స్ కెపాసిటీ, 5.5 ఆంప్స్ లోడ్. ఇంకా అర ఆంప్ మిగిలిందని సంతోషపడ్డాను.

మార్చిలో పెట్టాను. ఏప్రిల్ అంతా బాగానే వెలిగింది. మే నెలలో ఒక రాత్రి గేదె ఈనే టైముకి లైటు వెలగలేదు. అమ్మ ఫోన్ టార్చ్ పట్టుకుంటే నాన్న దూడని బయటికి లాగారు. ఆ ఫోన్‌లో అప్పటికి 11 శాతమే చార్జింగ్ ఉందట. పొద్దున్నే ఫోన్ చేసి, "తల్లీ పిల్లా బాగానే ఉన్నాయిరా. నీ లైటే రాలేదు" అన్నారు. తిట్టి ఉంటే ఇంత బాధ అనిపించేది కాదు.

ఆదివారం ఊరెళ్ళి బాక్స్ తెరిచాను. ప్లాస్టిక్ ఒకవైపు మెత్తబడి కిందికి జారింది. ఒక డయోడ్ కింద బోర్డు నల్లగా మాడిపోయింది, దాని కాలు సోల్డర్ నుంచి ఊడిపోయి ఉంది. రెండోదాని కాలు కూడా వదులైపోయింది. మామూలు లెడ్ సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అంటే నా "6 ఆంప్స్" జంటలో కాళ్ళే అంత వేడెక్కాయన్నమాట. మొదట ఒకటి ఊడింది. తర్వాత మొత్తం 5.5 ఆంప్స్ రెండోదాని నెత్తిన పడింది. అదీ ఎక్కువ రోజులు మోయలేదు. ఆ తర్వాత బ్యాటరీకి చార్జింగే లేదు. ఉన్న చార్జ్‌తో లైట్లు కొన్నాళ్ళు వెలిగి, సరిగ్గా అవసరమైన రాత్రి ఆరిపోయాయి.

కరెంట్ సమానంగా ఎందుకు పంచుకోవు?

డయోడ్ రెసిస్టర్ లాంటిది కాదు. రెసిస్టర్‌లో వోల్టేజ్ కాస్త పెరిగితే కరెంట్ కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. డయోడ్‌లో అలా కాదు. సిలికాన్ డయోడ్ సుమారు 0.6, 0.7 వోల్ట్ వరకు దాదాపు మూసుకునే ఉంటుంది. అక్కడి నుంచి వోల్టేజ్ కొంచెం పెరిగినా కరెంట్ ఒక్కసారిగా పైకి లేస్తుంది.

ఎంత కొంచెం? పుస్తకాల్లోని ఆదర్శ డయోడ్ లెక్క ప్రకారం, మామూలు గది ఉష్ణోగ్రతలో వోల్టేజ్ 18 మిల్లీవోల్ట్స్ పెరిగితే కరెంట్ రెట్టింపు అవుతుంది. 60 మిల్లీవోల్ట్స్ పెరిగితే పది రెట్లు. మిల్లీవోల్ట్ అంటే వోల్ట్‌లో వెయ్యో వంతు అని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రెండు డయోడ్‌లని ప్యారలల్‌లో పెట్టామంటే, రెండింటి మీదా ఒకటే వోల్టేజ్ ఉంటుంది. కానీ ఒకే నంబరు ఉన్న రెండు డయోడ్‌లు కూడా అచ్చం ఒకేలా ఉండవు. ఒకే కరెంట్ పంపితే ఒకదాని మీద 0.90 వోల్ట్, ఇంకోదాని మీద 0.94 వోల్ట్ పడటం చాలా మామూలు. కంపెనీలు వేరైతే తేడా ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఆ 40 మిల్లీవోల్ట్స్ మనకి లెక్కలోకి రావు, డయోడ్‌కి మాత్రం చాలా పెద్ద తేడా. తక్కువ వోల్టేజ్‌తో తెరుచుకునేది ఎక్కువ కరెంట్ లాగేసుకుంటుంది.

అదృష్టం ఏంటంటే, నిజమైన పవర్ డయోడ్‌లో సిలికాన్‌కి, కాళ్ళకి కొంచెం సొంత రెసిస్టెన్స్ ఉంటుంది. పెద్ద కరెంట్ దగ్గర అది కాస్త అడ్డుపడుతుంది. అందుకే పుస్తకం లెక్కలోలా తేడా పది రెట్లు కాకుండా, 60-40 దగ్గరో 70-30 దగ్గరో ఆగుతుంది. కానీ రేటింగ్ అంచున పని చేయించే మనకి 60-40 కూడా ప్రమాదమే.

వేడి ఎక్కితే ఇంకా లాగుతుంది

అసలు కథ ఇక్కడుంది. సిలికాన్ డయోడ్ వేడెక్కితే దాని ఫార్వర్డ్ వోల్టేజ్ తగ్గుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్ట్స్. 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్న డయోడ్‌కి 40 మిల్లీవోల్ట్స్ తగ్గుతుంది.

ఇప్పుడు వరస చూడండి. ఒక డయోడ్ కొంచెం ఎక్కువ కరెంట్ తీసుకుంది. అందువల్ల ఎక్కువ వేడెక్కింది. వేడెక్కింది కాబట్టి దాని వోల్టేజ్ తగ్గింది. వోల్టేజ్ తగ్గింది కాబట్టి ఇంకా ఎక్కువ కరెంట్ తీసుకుంది. మళ్ళీ ఇంకా వేడి. పక్కనున్న రెండోది మాత్రం చల్లగా, ఖాళీగా కూర్చుంటుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. బలహీనంగా ఉన్నది మొదట పోతుందని మనం అనుకుంటాం. ఇక్కడ ఎక్కువ పని చేసేదే మొదట పోతుంది.

నా బాక్సులో ఏం జరిగిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక డయోడ్ మూత దగ్గర గాలి తగిలేలా ఉంది, ఇంకోటి మూలలో బోర్డుకి అతుక్కుని ఉంది. ఒకటి కొత్తది, ఒకటి పాతది. పైన మే నెల ఎండలో రేకు కాలుతోంది. సమానంగా పంచుకుని ఉంటే ఒక్కోటి 2.75 ఆంప్స్ మోసి, సుమారు 2.6 వాట్ల వేడి పుట్టించేది. ఒకటే 3.8 ఆంప్స్ లాగితే దానిలోనే 3.6 వాట్ల పైన వేడి. మూసిన ప్లాస్టిక్ డబ్బాలో ఆ వేడి ఎక్కడికి పోతుంది?

ఇంకో సంగతి. డయోడ్ మీద రాసిన 3 ఆంప్స్ ఎప్పుడూ చెల్లే మాట కాదు. చుట్టూ గాలి ఇంత వేడి ఉన్నప్పుడు, కాళ్ళ పొడవు ఇంత ఉన్నప్పుడు అనే షరతులు డేటాషీట్‌లో ఉంటాయి. ఆ వేడి దాటితే రేటింగ్ తగ్గుతూ వస్తుంది. మన వేసవిలో రేకు కింద మూసిన డబ్బా ఆ షరతులకి దగ్గర్లో ఉండదు.

టేబుల్ మీద చేసి చూశాను

నమ్మకం కుదరక, హైదరాబాద్ వచ్చాక అదే రకం డయోడ్‌లు రెండు తీసుకుని, ఒకటి కొత్తది, ఒకటి పాతది, 5 ఆంప్స్ ఇచ్చే బెంచ్ పవర్ సప్లైకి ప్యారలల్‌లో కట్టాను. ఒక్కోదాని కాలికి ఒకే పొడవు వైరు తగిలించి డీసీ క్లాంప్ మీటర్‌తో కొలిచాను. ఇక్కడ ఒక జాగ్రత్త: చవక క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. డీసీ ఉందో లేదో చూసి కొనండి.

నాకు వచ్చిన రీడింగ్స్ ఇవి:

ఆన్ చేసిన వెంటనే: ఒకటి 3.0 ఆంప్స్, ఇంకోటి 2.0 ఆంప్స్.

10 నిమిషాల తర్వాత: ఒకటి 3.6 ఆంప్స్, ఇంకోటి 1.4 ఆంప్స్.

మొత్తం 5 ఆంప్సే. "6 ఆంప్స్" జంట మీద ఇంకా 1 ఆంప్ మిగిలి ఉండాలి. అయినా ఒక డయోడ్ తన 3 ఆంప్స్ గీత దాటేసింది. అది కూడా ఫ్యాన్ కింద, తెరిచిన టేబుల్ మీద.

తర్వాత ఒక్కో డయోడ్‌కి సిరీస్‌లో 0.1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ పెట్టి మళ్ళీ కొలిచాను. ఆన్ చేయగానే 2.6, 2.4. 10 నిమిషాల తర్వాత 2.7, 2.3. అక్కడితో ఆగిపోయింది, ఇంక పెరగలేదు. రెండు చిన్న రెసిస్టర్‌లు ఎలా చేశాయి ఈ పని?

మడవ దగ్గర రాయి

ఇది నాకు బాగా అర్థమైంది నాన్న మాటల్లోనే. మాడిన బోర్డు చూపించి, "ఒకటే ఎక్కువ లాగేసుకుంది నాన్నా, అందుకే పోయింది" అని చెప్తే ఆయన నవ్వారు. "రెండు బోదెలకి ఒకే కాలవ నుంచి నీళ్ళు వదిలితే అంతేరా. ఏది కాస్త పల్లంగా ఉంటే దానికే ఎక్కువ పారతాయి. పారిన కొద్దీ అది కోసుకుపోయి ఇంకా లోతవుతుంది. రెండోది ఎండిపోతుంది. అందుకే రెండు మడవల దగ్గరా రాయి పెడతాం" అన్నారు.

ఆ రాయే ఈ రెసిస్టర్. దీన్ని బ్యాలెస్ట్ రెసిస్టర్ అంటారు. ఒక డయోడ్ ఎక్కువ కరెంట్ లాగబోతే, దాని రెసిస్టర్ మీద వోల్టేజ్ పెరుగుతుంది. డయోడ్‌కి మిగిలే వోల్టేజ్ తగ్గుతుంది. కరెంట్ మళ్ళీ వెనక్కి తగ్గుతుంది. వేడి వల్ల డయోడ్ ఒకవైపు లాగుతుంటే, రెసిస్టర్ రెండోవైపు పట్టి ఆపుతుంది.

ఈ ఏర్పాటు మీ ఇంట్లోనే చూడొచ్చు. 12 వోల్ట్ ఎల్‌ఈడీ స్ట్రిప్ దగ్గరగా చూడండి. మామూలు రకాల్లో మూడు ఎల్‌ఈడీలకి ఒక చిన్న నల్ల రెసిస్టర్ ఉంటుంది. ఎల్‌ఈడీ కూడా డయోడే. స్ట్రిప్ అంతా ఒకే రెసిస్టర్ పెట్టకుండా ప్రతి గుంపుకీ విడిగా పెట్టడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ప్రతి మడవకీ దాని రాయి దానికి ఉండాలి.

బ్యాలెస్ట్ రెసిస్టర్ ఎంత పెట్టాలి?

లెక్క చాలా సింపుల్. రెండు డయోడ్‌ల మధ్య వోల్టేజ్ తేడాని రెసిస్టర్ విలువతో భాగిస్తే, రెండింటి మధ్య ఉండే కరెంట్ తేడా వస్తుంది. డయోడ్ సొంత రెసిస్టెన్స్‌ని వదిలేస్తున్నాం కాబట్టి, ఇది మనకి కాస్త జాగ్రత్త వైపు ఉండే లెక్క.

ఉదాహరణకి మొత్తం కరెంట్ 5.5 ఆంప్స్. డయోడ్‌ల మధ్య తేడా 50 మిల్లీవోల్ట్స్ అనుకుందాం. రెసిస్టర్ 0.1 ఓమ్. 0.05ని 0.1తో భాగిస్తే 0.5 ఆంప్. అంటే ఒకటి 3.0, ఇంకోటి 2.5 ఆంప్స్ మోస్తాయి.

ఇప్పుడు వేడి తేడా కూడా కలపండి. ఒకటి ఇంకోదానికంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే ఇంకో 40 మిల్లీవోల్ట్స్. మొత్తం 90 మిల్లీవోల్ట్స్. కరెంట్ తేడా 0.9 ఆంప్. ఒకటి 3.2, ఇంకోటి 2.3. చూశారా, రెసిస్టర్ పెట్టినా 3 ఆంప్స్ డయోడ్ 3.2 మోయాల్సి వచ్చింది. అందుకే రెసిస్టర్ ఒక్కటే సరిపోదు, రేటింగ్‌లో కొంత వదులుకోవాలి. నేను పాటించే లెక్క: రెండు 3 ఆంప్స్ డయోడ్‌లు, రెసిస్టర్‌లతో కలిపి, 4 ఆంప్స్ వరకే. 5.5 కావాలంటే మూడు పెట్టాలి.

రెసిస్టర్‌కి ఖరీదు కూడా ఉంది. 3 ఆంప్స్ వెళ్తుంటే 0.1 ఓమ్‌లో 0.9 వాట్ వేడి పుడుతుంది. కాబట్టి పావు వాట్ రెసిస్టర్ పెడితే అదే మాడిపోతుంది. కనీసం 2 వాట్లది, వీలైతే 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ వాడండి. ఇంకా పెద్ద విలువ పెడితే పంపకం బాగుంటుంది, కానీ వోల్టేజ్ నష్టం పెరుగుతుంది. 12 వోల్ట్ సిస్టమ్‌లో డయోడ్ దగ్గర 0.9, రెసిస్టర్ దగ్గర 0.3 పోతే, 1.2 వోల్ట్స్ దారిలోనే ఖర్చయినట్టు.

అయితే మంచి పద్ధతి ఏంటి?

నేను ఇప్పుడు ఈ వరసలో ఆలోచిస్తాను.

1. ఒకటే పెద్ద డయోడ్. మొదటి సమాధానం ఎప్పుడూ ఇదే. 5.5 ఆంప్స్ కావాలంటే 10 ఆంప్స్ డయోడ్ ఒకటి కొనండి. 10ఎ10 లాంటివి మామూలు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. రెండు చిన్నవి, రెండు రెసిస్టర్‌లు కొనే ఖర్చుతో పోలిస్తే పెద్ద తేడా ఉండదు. పంపకం గొడవే ఉండదు.

2. షాట్కీ డయోడ్. తక్కువ వోల్టేజ్ పనులకి ఇది ఇంకా మంచిది. మామూలు సిలికాన్ డయోడ్ మీద 0.9 వోల్ట్ పోయే చోట దీని మీద సుమారు 0.5 వోల్టే పోతుంది. 5.5 ఆంప్స్ దగ్గర ఐదు వాట్ల వేడి కాస్తా 2.75 వాట్లకి దిగుతుంది. కానీ వీటిలో రివర్స్ వోల్టేజ్ రేటింగ్ తక్కువ, 40, 45, 100 వోల్ట్స్ లాంటివి. వేడెక్కితే వెనక్కి కారే లీకేజ్ కూడా పెరుగుతుంది. 12 వోల్ట్ బ్యాటరీకి ఇబ్బంది లేదు. 230 వోల్ట్స్ మెయిన్స్ రెక్టిఫయర్‌లో మాత్రం ఇవి పెట్టకండి.

3. ఒకే ప్యాకేజీలో రెండు డయోడ్‌లు. ఎంబిఆర్2045సిటి, ఎంబిఆర్20100సిటి లాంటివి మూడు కాళ్ళ టిఓ-220 ప్యాకేజీలో వస్తాయి. లోపల 10 ఆంప్స్ డయోడ్‌లు రెండు ఉంటాయి. బయటి కాళ్ళు రెండూ కలిపితే ప్యారలల్ అయినట్టే. "మరి ఇదీ ప్యారలలే కదా?" అనొచ్చు. అవును. కానీ ఇక్కడ రెండు చిప్‌లూ ఒకే లోహపు రేకు మీద కూర్చుంటాయి. ఒకటి వేడెక్కితే రెండోదీ దాదాపు అంతే వేడెక్కుతుంది. వేడి తేడా లేకపోతే ఆ రన్‌అవే వరస మొదలవ్వడానికి అవకాశం చాలా తక్కువ. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ విప్పితే హీట్‌సింక్ మీద ఇవి కనిపిస్తాయి.

4. మోస్‌ఫెట్‌తో చేసిన ఐడియల్ డయోడ్ మాడ్యూల్. డయోడ్‌కి బదులు మోస్‌ఫెట్‌ని స్విచ్‌లా వాడతారు. దాని రెసిస్టెన్స్ 10 మిల్లీఓమ్స్ అయితే, 5.5 ఆంప్స్ దగ్గర పోయేది 55 మిల్లీవోల్ట్స్, పుట్టే వేడి 0.3 వాట్. ఇంకో మంచి గుణం, పూర్తిగా ఆన్ అయిన మోస్‌ఫెట్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. కాబట్టి ప్యారలల్‌లో పెడితే వేడెక్కింది తనంతట తానే వెనక్కి తగ్గుతుంది. డయోడ్‌కి సరిగ్గా రివర్స్. నేటి ఫాస్ట్ చార్జర్లలో అవుట్‌పుట్ వైపు డయోడ్‌కి బదులు మోస్‌ఫెట్ ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా ఈ తక్కువ నష్టమే.

తప్పనిసరిగా ప్యారలల్ చేయాల్సి వస్తే

షాపు దూరం, రాత్రి అయింది, చేతిలో ఉన్నవి ఇవే. అలాంటప్పుడు ఇవి పాటించండి.

ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్, ఒకే స్ట్రిప్ నుంచి కత్తిరించిన డయోడ్‌లే వాడండి. కొత్తదీ పాతదీ కలపకండి.

మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో రెండూ 0.55 చూపించాయని ఒకేలా ఉన్నాయనుకోకండి. చాలా మీటర్లు ఆ మోడ్‌లో 1 మిల్లీఆంప్ దగ్గర్లోనే పంపుతాయి. మనం వాడేది దానికి వేల రెట్లు. నిజంగా వెళ్ళే కరెంట్ ఒక్కోదాంట్లో పంపి, దాని మీద పడే వోల్టేజ్ కొలిచి పోల్చండి.

రెండూ ఒకే వేడిలో ఉండాలి. ఒకదానికొకటి ఆనించి, ఒకే రాగి పట్టీ మీద గానీ ఒకే హీట్‌సింక్ మీద గానీ బిగించండి. కాళ్ళ పొడవు సమానంగా ఉంచండి.

వైరింగ్ కూడా సమానంగా ఉండాలి. కరెంట్ వచ్చే వైరు, వెళ్ళే వైరు రెండూ ఒకే చివర తగిలిస్తే, ఆ చివరనున్న డయోడ్‌కి దారి దగ్గర, మిగతావాటికి దూరం. ఒక చివర నుంచి లోపలికి, ఎదురు చివర నుంచి బయటికి తీసుకోండి. చదరపు మిల్లీమీటర్ రాగి వైరు మీటరుకి సుమారు 17 మిల్లీఓమ్స్ ఉంటుంది. మిల్లీవోల్ట్స్ లెక్కలో అది కూడా లెక్కే.

ప్రతిదానికీ విడిగా బ్యాలెస్ట్ రెసిస్టర్. అన్నింటికీ కలిపి ఒకటి పెడితే ఉపయోగం లేదు.

మొత్తం రేటింగ్‌లో మూడింట రెండొంతులకి మించి నడపకండి.

ఫ్యూజ్ మర్చిపోకండి

ఇది అన్నింటికంటే ముఖ్యం. డయోడ్ కాలిపోతే ఎప్పుడూ తెగిపోయి ఆగదు. చాలాసార్లు ముందు షార్ట్ అవుతుంది. ప్యారలల్‌లో ఒకటి షార్ట్ అయితే మిగతావి ఎన్ని బాగున్నా లేనట్టే, కరెంట్ రెండువైపులా పోతుంది. ఆ సమయంలో ప్యానెల్ వైరు ఎక్కడైనా రాపిడికి తెగి ఒకదానికొకటి తగిలిందంటే, బ్యాటరీ మొత్తం దానిలోకి కుమ్మరిస్తుంది. పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంప్స్ ఇవ్వగలదు. వైరు ఎర్రగా కాలడానికి అది చాలు. పైన ఎండుగడ్డి ఉన్న పాకలో నేను ఫ్యూజ్ లేకుండా పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే లైటు రాకపోవడమే మేలైందనిపిస్తుంది.

ఫ్యూజ్ ఎప్పుడూ బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి. దూరంగా పెడితే, బ్యాటరీకి ఫ్యూజ్‌కి మధ్య ఉన్న వైరుకి రక్షణ ఉండదు. వైరు మోయగలిగే కరెంట్ కంటే ఫ్యూజ్ రేటింగ్ తక్కువ ఉండాలి.

ఇప్పుడు మా పాకలో ఏముంది?

ఒక ఎంబిఆర్2045సిటి. బయటి కాళ్ళు రెండూ కలిపి ప్యానెల్ ప్లస్‌కి, మధ్య కాలు బోర్డు ద్వారా బ్యాటరీ ప్లస్‌కి. దాని వెనక రేకు కూడా మధ్య కాలికే కలిసి ఉంటుంది కాబట్టి, హీట్‌సింక్‌కి బిగించేటప్పుడు మధ్యలో మైకా షీటు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ వేశాను. బ్యాటరీ దగ్గర 10 ఆంప్స్ ఫ్యూజ్. ప్లాస్టిక్ డబ్బా తీసేసి, గాలి రంధ్రాలున్న ఇనప బాక్స్. దాన్ని రేకు కింద నుంచి తీసి, నీడలో గుంజకి బిగించాను. మధ్యాహ్నం హీట్‌సింక్ ముట్టుకుంటే చెయ్యి ఎక్కువసేపు పెట్టలేం, కానీ డయోడ్‌కి అది భయపడాల్సిన వేడి కాదు.

మీరు కొత్తగా సోలార్ పెట్టుకుంటుంటే, మామూలుగా దొరికే మంచి పీడబ్ల్యూఎం లేదా ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్‌లోనే రాత్రి రివర్స్ కరెంట్ ఆపే ఏర్పాటు ఉంటుంది. విడిగా డయోడ్ అవసరం ఉండదు. కొనే ముందు ఆ ఫీచర్ ఉందో లేదో స్పెసిఫికేషన్స్‌లో చూసుకోండి.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే

కొత్త డయోడ్‌లో ఒక్క సగమే 10 ఆంప్స్ మోయగలదు. నాకు కావాల్సింది 5.5. అంటే రెండు సగాల్లో ఒకటి పూర్తిగా పని మానేసినా, మిగిలినది ఒంటరిగా మొత్తం మోస్తుంది. నా పాత జంటలో ఏ ఒక్కటీ ఒంటరిగా మోయలేదు. రెండూ కచ్చితంగా సగం సగం పంచుకుంటేనే బతికేవి, డయోడ్‌లు అలా పంచుకోవు.

కాబట్టి "రెండు కలిపితే ఎంత మోస్తాయి?" అని కాదు, "ఒకటి పోతే రెండోది మోయగలదా?" అని అడగండి. మోయగలిగితే ధైర్యంగా పెట్టండి. లేదంటే పెద్దది ఒకటి కొనండి.

దూడకి ఇప్పుడు ఏడు నెలలు. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు చీకటి పడ్డాక పాక వైపు నడిచాను. లైటు వెలుగుతోంది. నాన్న దాని కింద కూర్చుని తాడు పేనుతున్నారు. "ఈసారి మడవకి రాయి పెట్టావా?" అన్నారు. "రాయి కాదు నాన్నా, కాలవే పెద్దది తవ్వాను" అన్నాను.